తెర చూపిన సగము, పుస్తకము చెప్పిన సగము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు యువకులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "పాత సినిమాలలో చూడదగినది ఏది? పాత పుస్తకములలో చదువదగినది ఏది?" అని వారడుగుదురు. దానికి పెద్దలు సాధారణముగా చెప్పు సమాధానము, "ఆ కాలమే వేరు నాయనా!" అనునది. ఆ మాటతో సంభాషణ ముగియును. అడిగినవాడు చేతిలోని ఫోనును చూచుకొనుచు వెడలిపోవును. ఆకలితో వచ్చినవానికి వంటయింటి గొప్పదనము వర్ణించి పంపివేసినట్లున్నది ఈ వ్యవహారము. విస్తరి వేసి వడ్డింపవలసిన బాధ్యత పెద్దలమీద కలదు. కావున ఈ శుభసమయమున ఒక్క దశాబ్దిని మాత్రము గైకొని, అనగా 1951 మొదలు 1960 వరకు గల పది సంవత్సరములను గైకొని, వానిలో చూడదగిన చిత్రములను, చదువదగిన గ్రంథములను, వినదగిన గానమును, ఆడదగిన నాటకములను పేరుపేరున సూచించుట ఈ ప్రసంగోద్దేశము.

ఆ దశాబ్దినే ఏల ఎన్నుకొనవలెను? అప్పుడు తెలుగువారి జీవితము రెండు పాయలుగా నడచుచుండెను. శంషాబాదు ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమునందుండెను. 1948 సెప్టెంబరువరకు ఇచ్చట నిజాము ప్రభుత్వము; కచ్చేరీలలో ఉర్దూ, ఉన్నత విద్యలో ఉర్దూ. తెలుగు చదువుకొనగోరువానికి బడికంటె గ్రంథాలయమే దిక్కయి యుండెను. హైదరాబాదు నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము మొదలుకొని పల్లెలలో తలయెత్తిన చిన్న చిన్న పఠన మందిరములవరకు అన్నియు ఆ లోటును తీర్చుటకే పుట్టినవి. రెండవ పాయ మద్రాసు వైపున ప్రవహించుచుండెను. తెలుగు చిత్రములు అచ్చటి స్టూడియోలలో తయారగుచుండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. అనగా ఒకే భాష మాటలాడు జనులు ఒకరి నొకరు నిజముగా ఎరుగుట ఆ పదియేండ్లలో ప్రారంభమైనది. ఆ పరిచయములో కొంత తెరమీద జరిగినది, కొంత పుస్తకములో జరిగినది. తెర చూపినది సగము మాత్రమే. మిగిలిన సగము, అందునను ఈ ప్రాంతమునకు సంబంధించిన సగము, పుస్తకములయందే యున్నది. కావున ఆ దశాబ్దిని ఎరుగగోరువారు ప్రతి చిత్రమునకు ఒక గ్రంథమును జోడించి అనుభవింపవలెను. ఇదియే ఈ ప్రసంగ సారాంశము. జతలను వరుసగా చెప్పుట యుక్తము.

మొదటి జత "మల్లీశ్వరి" చిత్రము, "ఆంధ్రుల సాంఘిక చరిత్రము" అను గ్రంథము.

"మల్లీశ్వరి" 1951 డిసెంబరులో విడుదలయ్యెను. బి.ఎన్. రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి వ్రాసెను. సాలూరి రాజేశ్వరరావు స్వరములు కూర్చెను. కథ శ్రీకృష్ణదేవరాయల కాలమునాటిది. పల్లెటూరి పడుచు మల్లి, శిల్పి నాగరాజు ఒకరినొకరు వలచియుందురు. మారువేషమున వచ్చిన రాయలను గుర్తింపక నాగరాజు పరిహాసమునకు, మల్లిని రాణివాసమునకు పిలిపింపుమని కోరును. పల్లకి నిజముగానే వచ్చును. తల్లి ధనమునకాశపడును. పిల్ల అంతఃపురము చేరును. బంగారు పంజరములో చిక్కిన ఆ పిల్ల కన్నీరు ఈ నాటికిని ప్రేక్షకుల కన్నుల నుండి జారుచున్నది. చిత్రములో కృష్ణశాస్త్రి మాట ఎంత తక్కువగా నున్నదో గమనింపవలెను. పాత్రలు రెండు పలుకులు పలికి ఊరకుందురు. ఆ మౌనమును రాజేశ్వరరావు సంగీతము నింపును.

అయితే ఈ చిత్రము చూచి, రాయల కాలమన అంతయు నృత్యము, గానము, పల్లకీలే యని తలచు ప్రమాదము కలదు. ఆ భ్రాంతి తొలగుటకు సురవరము ప్రతాపరెడ్డి రచించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్రము"ను చదువవలెను. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. తెలుగు గ్రంథములలో ఆ గౌరవము పొందిన మొదటిది ఇదియే. అప్పటికి గ్రంథకర్త జీవించియుండలేదు, 1953లోనే స్వర్గస్థుడయ్యెను. రాజుల వంశవృక్షములను, యుద్ధముల తేదీలను చెప్పుట చరిత్ర యని తలచుచుండిన కాలమున, ఈయన ఆముక్తమాల్యదను, క్రీడాభిరామమును, హంసవింశతిని, శుకసప్తతిని తిరుగవేసి, సామాన్యుడు ఏమి తినెను, ఏమి కట్టెను, ఏ ఆటలాడెను, ఏ పన్నులు చెల్లించెను అని వెదకెను. ప్రబంధమును కేవలము అలంకారముల కొరకు చదువుటకు అలవాటుపడినవారికి ఈ గ్రంథము కన్నులు తెరపించును. పద్యములో దాగియున్న కూరగాయలు, చీరల రకములు, పిల్లల ఆటలు ఒక్కసారిగా బయటపడును.

శంషాబాదు నడుమగా దక్షిణమునకు పోవు రాజమార్గము పాలమూరు మీదుగా కర్నూలుకు చేరును. సురవరము స్వగ్రామమగు ఇటికాలపాడు ఆ సీమలోనిదే. తెలంగాణమునందు కవులు లేరన్న నిందకు బదులుగా 1934లో 354 మంది కవుల రచనలను సేకరించి "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించినవాడును ఈయనయే. ఈ పుస్తకము గ్రంథాలయపు బీరువాలో నుండి కదలక యుండుట ఈ ప్రాంతమువారికి శోభించదు.

రెండవ జత "రోజులు మారాయి" చిత్రము, "ప్రజల మనిషి" నవల.

"రోజులు మారాయి" 1955లో వచ్చినది. తాపీ చాణక్య దర్శకుడు. అక్కినేని నాగేశ్వరరావు రైతుబిడ్డగా నటించెను. భూమి ఎవరిదని ప్రశ్నించుటకు తెలుగు చిత్రము వెనుదీయదని నిరూపించిన చిత్రమిది. కొసరాజు వ్రాసిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ చేసిన నృత్యమును చూచుటకు జనులు మరల మరల వెళ్ళిరని పెద్దలు చెప్పుదురు. పాటను మెచ్చుకొనుట మంచిదే. అయితే ఆ పాట వినుచున్నప్పుడు, అందులోని దుక్కియు విత్తనమును ఎరిగిన చెవులు ఈ ప్రాంతమున తగ్గిపోవుచున్నవని జ్ఞాపకముంచుకొనవలెను. 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరముల భూమి సేకరింపబడినది. ఏరువాక సాగిన నేలలో కొంత నేడు విమానములు పరుగెత్తు బాట. దాని మంచిచెడ్డలు చర్చించుటకు ఇది వేదిక కాదు. కాని దుక్కిటెద్దులను చూడని బాలునకు ఆ పాటలోని సంతోషము ఏమని బోధపడును? తాతయో, అవ్వయో ప్రక్కన కూర్చుండి చెప్పవలెను.

ఆ చిత్రములోని రైతులు కృష్ణా, గుంటూరు ప్రాంతముల రైతులవలె మాటలాడుదురు. తెలంగాణపు రైతు కష్టము వేరు. వెట్టిచాకిరి, దేశముఖుల దౌర్జన్యము, గడీల భయము ఆ చిత్రమునందు కానరావు. వానిని వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి"లో వ్రాసెను. నిజాము పాలననాటి పల్లెలో కంఠీరవమను యువకుడు జనుల పక్షమున నిలిచి, వారిలో ఒకడగుట ఇందలి కథ. ఆళ్వారుస్వామి జీవితమే ఒక నవలవంటిది. చిన్నతనమున ఇతరుల ఇండ్లలో వంటచేసి, హోటలులో పనిచేసి, చదువు సంపాదించుకొనెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను ఊరూర తిరిగి తానే అమ్మెను. ప్రజాపోరాటములలో పాల్గొని చెరసాల ననుభవించెను. 1961 ఫిబ్రవరిలో మరణించెను. పుస్తకమును మోసికొని పాఠకుని గుమ్మమువరకు వచ్చిన రచయిత యాయన. నేడు పాఠకుడు నాలుగడుగులు నడచి గ్రంథాలయమునకు వచ్చిన ఆ ఋణములో కొంత తీరును.

మూడవ జత "కన్యాశుల్కము" చిత్రము, అదే పేరుగల నాటకము.

గురజాడ అప్పారావు నాటకము 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో మిక్కిలి మార్పులతో మరల వెలువడినది. దానిని 1955లో పి. పుల్లయ్య చిత్రముగా తీసెను. మధురవాణిగా సావిత్రి, గిరీశముగా ఎన్.టి. రామారావు నటించిరి. నాటకమునందలి విస్తారమైన సంభాషణ చిత్రమునకు పట్టలేదు. కావున కథలో మార్పులు, కత్తిరింపులు తప్పలేదు. ఈ జతలో మాత్రము పుస్తకమును ముందు చదివి, పిదప చిత్రము చూచుట మేలు. ఒక్కరు కూర్చుండి మౌనముగా చదువుటకంటె, నలుగురు కూడి పాత్రలు పంచుకొని బిగ్గరగా చదివినచో రుచి హెచ్చును. విజయనగరపు మాటతీరు ఈ ప్రాంతమువారి నోటికి మొదట కొత్తగా తోచును. రెండవనాటికి నవ్వులు ఆగవు. ముసలివానికి పసిపిల్లను అమ్ముకొను దురాచారమును చూచి నవ్వుట ఎట్లని మూడవనాడు సందేహము కలుగును. ఆ సందేహము కలుగుటయే నాటకకర్త కోరిక.

నాల్గవ జత "మిస్సమ్మ" చిత్రము, "గాలివాన" కథ.

"మిస్సమ్మ" 1955 సంక్రాంతికి వచ్చినది. ఎల్.వి. ప్రసాదు దర్శకుడు. ఉద్యోగము లేని పట్టభద్రులిద్దరు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు, భార్యాభర్తలమని చెప్పి పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులుగా చేరుదురు. పిమ్మట జరుగు తమాషాకు ఇంటిల్లిపాదియు నవ్వవచ్చును. చదువుకొని పనిలేక తిరుగు పిల్లలు గల ప్రతి యింటివారును ఈ చిత్రము చూడవలెను. ఆనాటి నిరుద్యోగము నేటి నిరుద్యోగముతో ఎంత పోలియున్నదో తెలియును. హాస్యముతో కథ నడపుట చక్రపాణి నేర్పు.

"గాలివాన" పాలగుమ్మి పద్మరాజు కథ. 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రిక నడపిన ప్రపంచ కథానికల పోటీలో దీనికి ద్వితీయ బహుమానము వచ్చినది. నియమనిష్ఠలు గల పెద్దమనిషి ఒకడు రైలు ప్రయాణములో బిచ్చగత్తెను ఈసడించుకొనును. ఆ రాత్రి గాలివానలో ఆ నియమములన్నియు కూలిపోగా, ఇరువురు మనుష్యులు మాత్రము మిగులుదురు. పది పన్నెండు పుటలలో ముగియు కథ ఇది. ఉందానగరు స్టేషనునుండి బయలుదేరినవాడు నగరము చేరులోపల చదివి ముగింపవచ్చును. మరచుటకు మాత్రము అంత సులభముగా వీలుపడదు. "మిస్సమ్మ" మనుష్యుల మధ్యనున్న గోడను నవ్వుతో తొలగించును. "గాలివాన" ఆ గోడను పెకలించివేయును. రెండును ఒకే దశాబ్ది కానుకలు.

ఐదవ జత "మాయాబజారు" చిత్రము, సురభివారి "మాయాబజారు" నాటకము.

1957 మార్చి 27వ తేదీన విడుదలైన "మాయాబజారు"ను గూర్చి ఎరుగని తెలుగువాడుండడు. కె.వి. రెడ్డి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణము, ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావు, శశిరేఖగాను మాయాశశిరేఖగాను సావిత్రి అందరికి తెలిసినవే. 2010లో దీనికి రంగులద్ది మరల విడుదల చేసిరి. అయినను అందరు గమనింపని సంగతులు రెండు కలవు. భారతకథయని పేరు పొందిన ఈ చిత్రమునందు పాండవులు ఒక్కసారియైనను కనబడరు. రెండవది, శశిరేఖ వివాహకథ వ్యాసభారతమున లేదు. కవిత్రయమువారి భారతమునందును లేదు. భారతమున అభిమన్యుడు పెండ్లాడినది విరాటరాజు కూతురగు ఉత్తరను. శశిరేఖ కథ జనుల నోళ్ళలో పుట్టి, రంగస్థలముమీద పెరిగి, తెరకెక్కినది. పండితులు వ్రాయని కథను పామరులు కల్పించుకొనగా, అది పండితులకును ప్రియమైనది. తిక్కన విరాటపర్వములోని ఉత్తరావివాహ ఘట్టమును చదివి, పిదప ఈ చిత్రము చూచినవారికి ఆనందము రెండింతలగును.

కడపసీమలోని సురభి గ్రామమున 1885లో "కీచకవధ" నాటకముతో ప్రారంభమైన సురభి సమాజములు కుటుంబములే నాటకబృందములుగా ఊరూర తిరిగినవి. స్త్రీపాత్రలను పురుషులు ధరించుట పరిపాటియైన ఆ కాలమున ఇంటి స్త్రీలే రంగమెక్కిరి. రంగస్థలముమీద మంటలు లేచుట, వాన కురియుట, పాత్రలు గాలిలో ఎగురుట వారి ప్రత్యేకత. "మాయాబజారు" వారి ప్రసిద్ధ ప్రదర్శనములలో ఒకటి. నేడు శేరిలింగంపల్లి దగ్గర సురభి కుటుంబములకు కాలనీ కలదు. శంషాబాదునుండి వలయ రహదారిమీదుగా అచ్చటికి పోవుట సులభము. విమానము ఎగురుట దినదినము చూచు ఈ ప్రాంతపు బాలురు, తాళ్ళమీద ఎగురు ఘటోత్కచుని చూచి చప్పట్లు చరచుట తథ్యము.

నాటకముల ప్రసక్తి వచ్చినది గనుక మరి రెండు మాటలు. ఆ దశాబ్దిలో పౌరాణిక పద్యనాటకము, సాంఘిక నాటకము ప్రక్కప్రక్కన బ్రతికినవి. ఒకనాడు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమును తెల్లవారువరకు విన్న ఊరే మరునాడు ఆత్రేయ రచించిన "ఎన్.జి.ఓ." చూచి, చాలీచాలని జీతముగల గుమాస్తా సంసారమునకు కన్నీరు పెట్టెను. షేక్ నాజరు బుఱ్ఱకథ చెప్పుచుండగా పల్లె పల్లె లేచి కూర్చుండెను. ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ 1954 నాటి "అగ్గిరాముడు" చిత్రమునందు నేటికిని చూడవచ్చును. ఊరి యువకులు ఏడాదికొక నాటకమైన ఆడదలచినచో "ఎన్.జి.ఓ." వంటి దానితో ప్రారంభించుట మంచిది. దానికి కిరీటములు, గదలు అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, మాట స్పష్టముగా పలుకు నలుగురు చాలును.

ఆరవ జత గానమునకు సంబంధించినది: ఆకాశవాణి భక్తిరంజని, "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము".

ఆ దశాబ్ది సంగీతమనగనే ఘంటసాల పేరు నోటికి వచ్చును. కరుణశ్రీ పద్యములను, "పుష్పవిలాపము"ను, "కుంతీకుమారి"ని ఆయన గ్రామఫోను రికార్డులకు పాడి, అక్షరము రానివానికిని పద్యమును కంఠస్థము చేయించెను. 1953 నాటి "దేవదాసు" పాటలును వినదగినవే. ఆ స్వరములు కూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ చిత్రము విడుదల కాకముందే, 1952లో, పిన్నవయస్సుననే కన్నుమూసెను. కాని ఆ చిత్రమును గూర్చి ఒక హెచ్చరిక అవసరము. శరత్‌చంద్రుడు 1917లో ప్రకటించిన నవల, దుర్బలుడైన యువకుడొకడు తన జీవితమును, ఇద్దరు స్త్రీల జీవితమును పాడుచేసిన వృత్తాంతము. తెరమీద నాగేశ్వరరావు నటన అంత గొప్పదగుటచే, కొందరు యువకులు తాగుటయే ప్రేమకు గుర్తని తలచిరి. పుస్తకము చదివినవానికి ఆ పొరపాటు కలుగదు. ఇచ్చటను మిగిలిన సగము పుస్తకమునందే యున్నది.

విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు రూపొందించిన భక్తిరంజని, ప్రాతఃకాలమున వేలకొలది యిండ్లలో మేలుకొలుపయ్యెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళమున రామదాసు కీర్తనలు కొత్త ప్రాణము పోసికొనినవి. ఆ రజనీకాంతరావే 1958లో "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము"ను ప్రకటించెను. దానికి 1961లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య మున్నగువారి పదములు ఎట్లు పుట్టి, ఎట్లు పాడబడినవో అందు చూడవచ్చును. రామదాసు చెరసాల గోలకొండ కోటలోనే యున్నది. ఈ ఊరినుండి అది దూరము కాదు. ఆ కీర్తనలను విని, ఆ అధ్యాయమును చదివి, ఆదివారము పిల్లలను ఆ కోటకు కొనిపోయి ఆ చీకటిగదిని చూపుట కంటె మంచి పాఠము వేరొకటి యుండదు.

సభాసదులారా! ఇంతవరకు గుణములు చెప్పబడినవి. దోషమును కప్పిపుచ్చిన సిఫారసు నమ్మదగినది కాదు. ఆ దశాబ్ది చిత్రములలో పెద్ద లోపమొకటి కలదు. వానిలో తెలంగాణపు మాట వినబడదు. రాజు మాటలాడినను, రైతు మాటలాడినను, పంతులు మాటలాడినను ఒకే సీమ భాష. 1959లో "మా ఇంటి మహాలక్ష్మి" హైదరాబాదునందే చిత్రీకరింపబడినను, ఊళ్ళ భాష తెరమీదికి రాలేదు. తరువాతి కాలమున నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామాలయమునందు ఎన్నియో చిత్రములు తీయబడినవి. ఎత్తైన గోపురము, కోనేరు తెరకెక్కినవి. ఆ కోనేటి గట్టున నీళ్ళబిందెతో నిలిచిన అవ్వ మాట తెరకెక్కుటకు చాలకాలము పట్టినది. 1979లో నిర్మింపబడిన "మా భూమి" మొదలుకొని 2023లో వచ్చిన "బలగము" వరకు జరిగిన మార్పు ఆ లోటును కొంత తీర్చినది.

అయితే 1950 ప్రాంతమున ఆ మాట పుట్టలేదని తలచరాదు. 1953లో కాళోజీ నారాయణరావు "నా గొడవ" వెలువడినది. అందు ఓరుగల్లు సీమ మనిషి తన ఇంటిలో, వీధిలో మాటలాడినట్లే కవిత్వము మాటలాడినది. దొరతనమును, అన్యాయమును, తన చేతకానితనమునుగూడ దాచక చెప్పినది. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీ నేడు తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపబడుచున్నది. తన మాటతీరు విని పరులు నవ్వుదురేమోయని నగరమున నోరువిప్ప జంకు బాలుని చేతిలో మొదట పెట్టదగిన పుస్తకమిది. ఆ బాలుడు దానిని చదివి ముగించునప్పటికి, తన అవ్వ మాటకు కావ్యములో స్థానము కలదని తెలిసికొనును.

ఇక ఈ సూచనలు ఆచరణలోనికి వచ్చుటెట్లు? ఆరు జతలు చెప్పబడినవి. నెలకొక జత చొప్పున ఆరు నెలలు. మొదటి ఆదివారము సాయంకాలము గ్రంథాలయపు గోడమీద చిత్రమును చూపుట, గానము వంతు వచ్చిన నెల వినిపించుట. ఆ ప్రక్కనే బల్లమీద దాని జతయైన పుస్తకమునుంచుట. చూచినవారు పుస్తకమును ఇంటికి గొనిపోయి, నెలాఖరు ఆదివారము తిరిగి తెచ్చి, తమకు తోచిన నాలుగు మాటలు చెప్పుట. చదువురాని పెద్దలకొరకు పూర్వపు పద్ధతి యుండనే యున్నది: ఒకరు చదువగా పదిమంది వినుట. భాగవతము, భారతము ఈ పల్లెలలో అట్లే బ్రతికినవి. నవలయు అట్లు బ్రతుకగలదు. ఖర్చు లెక్కకు రానిది. పుస్తకములు రెండేసి ప్రతులు చాలును.

పుస్తకములను గూర్చియే ఇంత పట్టుదల ఏలయని కొందరడుగవచ్చును. కారణము స్పష్టము. చిత్రములు తమను తాము కాపాడుకొనగలిగినవి. "మాయాబజారు"ను ఎవరును కాపాడనక్కరలేదు. అది ప్రతి చేతిలోని ఫోనులోనే యున్నది. పుస్తకమునకు అట్టి భాగ్యము లేదు. ఎవడును అడుగని పుస్తకము మరల అచ్చుకాదు. అచ్చుకాని పుస్తకము ఒక్కొక్క ప్రతియే చినుగుచు, చెదలు తినుచు, తరుగుచు పోవును. చివరకు ఆ దశాబ్దిలో తెర చూపిన సగమే నిలిచి, ఈ ప్రాంతపు సగము మాయమగును. అప్పుడు రాబోవు తరము, "ఆ కాలమున శంషాబాదువంటి ఊళ్ళవారు ఏమని మాటలాడిరి? ఏమని బాధపడిరి?" అని అడిగినచో చూపుటకు ఏమియు మిగులదు. కవులు లేరన్న నింద వచ్చినప్పుడు బదులు చెప్పుటకు సురవరము ఉండెను. మరల వచ్చినచో బదులు చెప్పవలసినది గ్రంథాలయపు బీరువా.

1960లో పౌరగ్రంథాలయ చట్టము వచ్చినది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సును వసూలుచేయు ఏర్పాటు దానివలన కలిగినది. పన్ను కట్టు ప్రతి గృహస్థుడును పుస్తకమునకు తన వంతు పైకము చెల్లించుచునే యున్నాడు. చెల్లించిన పైకమునకు రసీదు మాత్రము తీసికొని, సరకు తీసికొనకుండ వచ్చుట లెక్క తెలిసినవారి పని కాదు.

విమానాశ్రయమునకు ప్రతిరాత్రి కుటుంబములు వచ్చుచుండును. కొడుకును, కూతురిని దూరదేశములకు సాగనంపి, అద్దముల ఆవలికి పోవువరకు చేతులూపి, కన్నులు తుడుచుకొనుచు మరలిపోవుదురు. ఆ పిల్లల పెట్టెలలో పచ్చళ్ళు, పొడులు, ఒడియములు భద్రముగా కట్టబడి యుండును. ఈ ఊరినుండియు అట్లు పోవువారు కలరు. ఆ పెట్టెలో పచ్చడి సీసా ప్రక్కన "ప్రజల మనిషి"యో, "నా గొడవ"యో ఒకటి చేర్చిన బరువు హెచ్చదు. పచ్చడి నెలకు అయిపోవును. పుస్తకము ఇంటిభాషను ఏండ్లతరబడి వినిపించుచుండును.

ఇరువదియైదేండ్లు దీపము వెలిగించి కూర్చున్న ఈ గ్రంథాలయమునకు చందాదారులు ఈ రజతోత్సవమున ఈయదగిన కానుక ఒక్కటే: నేటి సభ ముగియగానే లేచి, బీరువా దగ్గరకు పోయి, పైన చెప్పిన పుస్తకములలో ఒకదానిని తమ పేర వ్రాయించుకొని ఇంటికి గొనిపోవుట.

శుభమ్.